విలువ పడిపోయాక కొని పదేళ్ళు నడపడం: పోర్షే బాక్స్‌స్టర్, కేమన్ కొనేవాళ్ళకు

స్పోర్ట్స్ కారు కొత్తది కొన్నవాడు మొదటి మూడేళ్ళలో పోగొట్టుకునే డబ్బు మామూలు సెడాన్ కొన్నవాడి నష్టం కన్నా చాలా ఎక్కువ. అయితే ఆ తరుగుదల ఒక బండికి ఒక్కసారే జరుగుతుంది. మొదటి యజమాని చాలా భాగం కట్టేస్తాడు, రెండోవాడు మిగిలింది కడతాడు. పన్నెండు, పదిహేనేళ్ళ వయసు దగ్గర ధర దాదాపు నిలబడిపోతుంది. ఆ దశలో కొని పదేళ్ళు ఉంచుకుంటే విలువ సంగతి మరిచిపోయి నడుపుకోవచ్చు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళకు అందుబాటులో ఉండి, ఈ లెక్కకు బాగా ఒదిగే బండ్లు పోర్షే బాక్స్‌స్టర్, దాని కప్పు తీయరాని తోబుట్టువు కేమన్. ఈ వ్యాసం వాటి గురించే, ముఖ్యంగా 2005 నుంచి 2012 దాకా వచ్చిన 987 తరం గురించి.

ముందు కాగితం మీద లెక్క

బండి చూడటానికి వెళ్ళకముందే ఒక కాగితం తీసుకుని నాలుగు అంకెలు రాయండి: కొనే ధర, మొదటి ఏడాది బాకీ పనుల ఖర్చు, ఏటా నిర్వహణ, చివరికి వచ్చే అమ్మకం ధర. ఉదాహరణకు ఇలా అనుకుందాం. బండి 25,000 డాలర్లు. గత యజమాని వాయిదా వేసిన పనులన్నీ చేయించడానికి 5,000. ఏటా 2,000 చొప్పున పదేళ్ళకు 20,000. మొత్తం 50,000. పదేళ్ళ తర్వాత 20,000కు అమ్మితే మీ చేతి నుంచి పోయింది 30,000, అంటే ఏటికి 3,000. ఇన్సూరెన్సు, పెట్రోలు విడిగా వేసుకోండి.

అదే 60,000 పెట్టి కొత్తది కొని, మూడేళ్ళకు 40,000కు అమ్మి, మళ్ళీ కొత్తది కొంటూ పోతే? తొమ్మిదేళ్ళలో మూడు బండ్లు, 60,000 నష్టం. ఏటికి దాదాపు 6,700. కొన్న ప్రతిసారీ అమ్మకం పన్ను అదనం. టెక్సస్‌లో అది 6.25 శాతం కాబట్టి 60,000 బండి మీద 3,750 డాలర్లు.

పాత బండి లెక్కలోనే ఇంకో మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. ఏటా 5,000 మైళ్ళు నడిపితే పదేళ్ళలో 50,000 మైళ్ళు, మైలుకు 60 సెంట్లు. విలువ పోతుందన్న భయంతో ఏటా 1,000 మైళ్ళే నడిపారనుకోండి. తక్కువ మైళ్ళ బండి కాబట్టి చివర్లో 20,000కు బదులు 24,000 వచ్చిందనుకుందాం. అప్పుడు నికరంగా పోయింది 26,000, నడిపింది 10,000 మైళ్ళు, మైలుకు రెండు డాలర్ల అరవై సెంట్లు. నడపకుండా దాచిన 40,000 మైళ్ళకు మిగిలింది 4,000 డాలర్లు, మైలుకు పది సెంట్లు. ఆ పది సెంట్ల కోసం కొండ దారుల్లో తిరగాల్సిన ఆదివారాలు వదులుకోవడం మంచి బేరం కాదు. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు కానీ లెక్క ఇలాగే వేయండి.

కొనే డబ్బంతా చేతిలో ఉన్నా ఆ మొత్తం బండికే పెట్టకండి. 30,000 ఉంటే 25,000 లోపు బండి చూడండి. ఆరేళ్ళ అప్పు తీసుకుని పదిహేనేళ్ళ బండి కొంటే, నీళ్ళ పంపు పోయిన నెలలో వాయిదా కట్టాలా పంపు వేయించాలా అన్న ప్రశ్న వస్తుంది. అలాంటప్పుడు వాయిదాయే గెలుస్తుంది. బండి చెడిపోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఏ ఏడాది బండి కొనాలి

1997లో వచ్చిన మొదటి బాక్స్‌స్టర్‌ను 986 అంటారు. 2.5 లీటర్ల ఇంజిను, 201 హార్స్‌పవర్, అప్పటి ధర 40,000 డాలర్ల దగ్గర. ఇవాళ అన్నిటికన్నా చౌకగా దొరికేదీ అదే. దాంట్లో వాల్వులను నడిపే గొలుసులను తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్టు చివర ఒక బేరింగ్ ఉంటుంది, అందరూ ఐఎంఎస్ బేరింగ్ అంటారు. తొలి ఏళ్ళలో అది రెండు వరుసల గుండ్లది, గట్టిది. 2000 ప్రాంతం నుంచి 2005 దాకా ఒకే వరుస గుండ్లది వేశారు. సీలు వేసిన బేరింగ్ కాబట్టి లోపలి గ్రీజు కాలక్రమంలో కడిగేసినట్టు పోతుంది, గుండ్లు అరుగుతాయి. విరిగితే షాఫ్టు కదిలి, టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లను తాకుతాయి. ఇంజిను మొత్తం పోయినట్టే. ఈ ఏళ్ళ బండి కొంటే బేరింగ్ మార్చినట్టు రశీదు అడగండి. లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. గేర్ బాక్సు దించితేనే అక్కడికి చేయి చేరుతుంది. అందుకే క్లచ్, ఐఎంఎస్, క్రాంక్‌షాఫ్టు వెనక సీలు మూడూ ఒకే కూలీలో చేయించాలి.

2006 నుంచి 2008 దాకా వచ్చిన 987 బండ్లలో బేరింగ్ పెద్దది చేశారు. విరగడం చాలా అరుదు, కానీ ఇంజిను విడగొట్టకుండా బయటికి తీయలేరు. క్లచ్ పనికి గేర్ బాక్సు దించినప్పుడు బేరింగ్ బయటి సీలు తీసేయిస్తే ఇంజిను ఆయిలు దానికి అందుతుంది. అంతకు మించి దాన్ని కదిలించాల్సిన పని లేదు. 2005 బండిలో రెండు రకాల్లో ఏది ఉందో ఇంజిను చూస్తేనే తెలుస్తుంది.

ఈ ఏళ్ళ 3.4 లీటర్ల ఎస్ మోడళ్ళకు ఇంకో జబ్బు ఉంది: సిలిండరు గోడలు గీసుకుపోవడం. పిస్టను మీది పూత అరిగి, చలిలో స్టార్టు చేసినప్పుడు పెట్రోలు గోడల మీది ఆయిలును కడిగేసి, లోహం లోహాన్ని తాకుతుంది. అందుకే షికాగో, మిన్నెసోటా లాంటి చలి ప్రాంతాల్లో నడిచిన బండ్లను మరింత జాగ్రత్తగా చూడాలి. 2.7 లీటర్ల మామూలు కేమన్‌లో ఈ జబ్బు తక్కువ.

మా సిఫారసు సూటిగా చెబుతున్నాం: 2009 నుంచి 2012 దాకా వచ్చిన రెండో విడత 987, ఆరు గేర్ల మాన్యువల్. ఇంజిను కొత్తది, ఐఎంఎస్ బేరింగ్ అన్నదే లేదు. మామూలు కేమన్‌లో 2.9 లీటర్లు, 265 హార్స్‌పవర్. ఎస్‌లో 3.4 లీటర్లు, 320. బాక్స్‌స్టర్లలో ఈ అంకెలు పదేసి తక్కువ. 2.9 ఇంజినులో పెట్రోలు పాత పద్ధతిలోనే వాల్వుల ముందు చిమ్ముతుంది కాబట్టి వాల్వుల మీద మసి పేరుకోదు. పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకు ఇది చిన్న లాభం కాదు. ఆర్థిక మాంద్యంలో వచ్చిన ఏళ్ళు కావడంతో ఇవి తక్కువ అమ్ముడుపోయాయి, అందుకే ధర కొంచెం గట్టిగానే ఉంటుంది. స్టీరింగు ఇంకా హైడ్రాలిక్. తర్వాతి 981 తరంలో ఎలక్ట్రిక్ స్టీరింగు వచ్చింది, 2016లో వచ్చిన 718లో ఆరు సిలిండర్ల బదులు నాలుగు సిలిండర్ల టర్బో వచ్చింది. ముందు చక్రాల కింద రోడ్డు ఎలా ఉందో చేతులకు నేరుగా తెలిసే బండి, పైగా టర్బో లేని ఆరు సిలిండర్లది, ఇక కొత్తగా రాదు కాబట్టే 987 ధర నిలబడుతోంది.

పీడీకే ఆటోమేటిక్ వేగంగా గేర్లు మారుస్తుంది, బాగుంటుంది కూడా. కానీ పదిహేనేళ్ళ తర్వాత అది పాడైతే వచ్చే బిల్లు, మాన్యువల్ క్లచ్ బిల్లు పోల్చదగినవి కావు.

బండి చూసేటప్పుడు

ఇంజిను చల్లగా ఉండగానే మీరు చేరుకోవాలి. ముందే వేడి చేసి ఉంచకండి అని అమ్మేవాళ్ళకు ఫోనులో చెప్పండి. వెళ్ళగానే వెనక డిక్కీ తెరిచి చేత్తో తాకి చూడండి. వేడిగా ఉంటే ఆ రోజు వద్దనుకుని ఇంకో రోజు వెళ్ళడం మేలు. చల్లటి స్టార్టులో వినపడే చప్పుళ్ళు పది నిమిషాల తర్వాత మాయమవుతాయి.

స్టార్టు చేయగానే కొంచెం పొగ వస్తే కంగారు పడనక్కర్లేదు. పడుకుని ఉండే సిలిండర్లలోకి రాత్రంతా ఆయిలు జారుతుంది. కానీ తెల్లటి పొగ మేఘంలా కమ్మేసి నిమిషం దాటినా ఆగకపోతే గాలి, ఆయిలు విడదీసే సెపరేటర్ పొర చిరిగినట్టు. దాన్ని పరీక్షించడం తేలిక: ఇంజిను ఐడిల్‌లో ఉండగా డిక్కీలోని ఆయిలు మూత తీయబోండి. లోపలికి గట్టిగా పీల్చుకుని మూత రానంటే సెపరేటర్ మార్చాలి. తర్వాత వెనకవైపు వంగి వినండి. ఒకవైపు నుంచే టిక్ టిక్ మని లయగా చప్పుడు వస్తూ, సైలెన్సరు గొట్టంలో నూనె మసి వేలికి అంటితే సిలిండర్లు గీసుకుపోయాయేమోనని అనుమానించాలి. ఈ అనుమానాన్ని కళ్ళతోనే తీర్చుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి సన్నటి కెమెరాతో ఆరు సిలిండర్లూ చూడమని మెకానిక్కును అడగండి. నిలువు గీతలు కనపడితే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

డిక్కీ తెరిచి ఉండగానే వాసన చూడండి. తియ్యటి వాసన, కార్పెట్ మీద ఎండిన మరక ఉంటే కూలెంట్ ట్యాంకు పగిలింది. ఇది ఈ బండ్లలో మామూలే, భయపడే విషయం కాదు, బేరంలో తగ్గించే విషయం. తర్వాత ముందు బంపరు రెండు మూలల గాలి రంధ్రాల్లోకి టార్చి వేయండి. ఎండుటాకులు కుక్కినట్టు ఉంటే వెనకున్న ఏసీ కండెన్సరు, రేడియేటరు తేమతో తుప్పుపడుతున్నట్టే.

బాక్స్‌స్టర్ అయితే సీట్ల వెనక కార్పెట్, సీట్ల కింది నేల తడిగా ఉన్నాయేమో చేత్తో నొక్కి చూడండి. టాప్ మడతపడే చోట నీళ్ళు పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోతే నీళ్ళు లోపలికే దిగుతాయి. పాత బాక్స్‌స్టర్లలో సీటు కింద ఉండే ఎలక్ట్రానిక్ పెట్టె తడిస్తే బండి తాళం చెవినే గుర్తుపట్టదు.

టైరు గోడ మీద చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరు ఈ బండికి పనికిరాదు, రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది. 18 అంగుళాల చక్రాలకు ముందు 235/40, వెనక 265/40. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకునే వీలు లేదు. వెనకవి లోపలి అంచున ముందుగా అరుగుతాయి, పైనుంచి కనపడదు, కింద చేయి పెట్టి తడమాలి.

ఆ తర్వాత పోర్షే పని బాగా తెలిసిన స్వతంత్ర మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి పూర్తి తనిఖీ చేయించండి. కొన్ని వందల డాలర్లవుతుంది, అది మీరే పెట్టుకోవాలి. అమ్మేవాళ్ళకు బండి చూసే మెకానిక్కు దగ్గరికి మాత్రం వెళ్ళకండి. తనిఖీలో కంప్యూటరు నుంచి రెండు అంకెలు తప్పక తీయించండి. మొదటిది ఓవర్ రెవ్ రిపోర్టు, అంటే ఇంజిను తన హద్దు వేగాన్ని ఎంత దాటిందో శ్రేణుల వారీగా చూపే లెక్క. 2009 తర్వాతి బండ్లలో ఆరు శ్రేణులుంటాయి. మొదటి మూడింట్లో ఎన్ని ఉన్నా పర్వాలేదు. నాలుగు నుంచి ఆరు దాకా నమోదైతే, పై గేరుకు బదులు కింది గేరులో వేసి ఇంజినును హద్దు దాటించారని అర్థం. అది ఇంజిను ఎన్నో గంటలో జరిగిందో కూడా ఉంటుంది. వందల గంటల క్రితం జరిగి, ఆ తర్వాత బాగానే నడిచి ఉంటే పెద్ద చింత లేదు, మొన్నటిదైతే వదిలేయండి. రెండోది ఇంజిను నడిచిన మొత్తం గంటలు. మైళ్ళను గంటలతో భాగించండి. 60,000 మైళ్ళకు 1,800 గంటలుంటే సగటు 33 మైళ్ళు, సరిపోయింది. సగటు 15 వస్తే మైలేజీ మీటరు మీద, లేదా ట్రాఫిక్‌లో గడిచిన బతుకు మీద ప్రశ్నలు అడగాలి.

మొదటి ఏడాది: బాకీ తీర్చడం

రశీదు లేని పని చేయనట్టే లెక్క. గత యజమాని మాట మీద ఏదీ వదలకండి. కొన్న మొదటి నెలలో ఇంజిను ఆయిలు, బ్రేకు ఆయిలు మార్చండి. బ్రేకు ఆయిలు తేమ పీల్చుకుంటుంది, దిగుడు దారిలో వేడెక్కితే ఆ తేమ ఆవిరై పెడలు మెత్తగా కిందికి పోతుంది. డాట్ 4 రకం, లీటరు సరిపోతుంది, ప్రతి రెండేళ్ళకూ మార్చాలి.

తర్వాత నీళ్ళ పంపు. 60,000 మైళ్ళు దాటి, మార్చిన రశీదు లేకపోతే చెడిపోయేదాకా ఆగకండి. లోపల నీళ్ళను తోసే చక్రం, అంటే ఇంపెల్లర్, ప్లాస్టిక్‌ది, విరిగితే ముక్కలు కూలెంటు దారుల్లోకి వెళ్ళి ఇరుక్కుంటాయి, వాటిని మళ్ళీ బయటికి తీయడం దాదాపు అసాధ్యం. పంపుతో పాటే థర్మోస్టాట్, కూలెంటు, బెల్టు మార్పించండి. బెల్టు సీట్ల వెనక ఉంటుంది. కార్పెట్ తీసి, లోహపు మూత బోల్టులు విప్పితే ఇంజిను ముందు భాగం కనపడుతుంది. 24 మిల్లీమీటర్ల స్పానరుతో టెన్షనర్‌ను తిప్పి పట్టుకుంటే బెల్టు ఊడి వస్తుంది. తీసేముందు బెల్టు దారి ఫొటో తీసుకోండి.

ఆరు స్పార్క్ ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే ఆరు కాయిళ్ళు కలిపి మార్చడం మంచిది. వేడికి కాయిలు పైపొర పగిలి, వాన రోజుల్లో ఇంజిను ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది. ఒక్కటే మార్చితే మిగతావి ఒకటొకటిగా మిమ్మల్ని గరాజ్‌కు పిలుస్తూనే ఉంటాయి. ప్లగ్గులు చల్లటి ఇంజినులోనే విప్పాలి, వేడిలో విప్పితే అల్యూమినియం మరలు ఊడొస్తాయి. బిగింపు 30 న్యూటన్ మీటర్లు.

గేర్ బాక్సు ఆయిలు సుమారు 3 లీటర్లు. ఇంట్లో మార్చేవాళ్ళు ఒక్క వరుస తప్పకూడదు: ముందు పైన ఆయిలు నింపే బోల్టు విప్పి చూడాలి, అది వచ్చాకే కింది బోల్టు. కిందది విప్పి ఆయిలంతా ఖాళీ చేశాక పైది రాకపోతే బండి కదలదు, లారీ మీద ఎక్కించాల్సిందే.

రోడ్డు గుంతల్లో టక్ టక్ మంటే సస్పెన్షన్ కింది చేతుల బుష్షులు అరిగాయి. వాటిని మార్చి, చక్రాల అలైన్‌మెంటు చేయించిన రోజున బండి వయసు సగమైనట్టు ఉంటుంది. ఇదే డబ్బు సైలెన్సరు చప్పుడు పెంచడానికో, పెద్ద చక్రాలకో పెట్టేవాళ్ళున్నారు. అలా చేయకండి. అసలు పార్టులు అసలు స్థితిలో ఉన్న బండి నడవడమూ బాగుంటుంది, అమ్మేటప్పుడు ధరా బాగుంటుంది.

ఆయిలు మీరే మార్చుకోవాలంటే

ఇది నేర్చుకుంటే డబ్బు మిగలడం ఒకటి, బండి కడుపు ఎలా ఉందో ఏటా మీ కళ్ళతో చూసుకోవడం ఇంకొకటి. 5,000 మైళ్ళకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు. కంపెనీ పుస్తకంలో ఇంతకన్నా ఎక్కువ గడువు ఉంటుంది. ఆ గడువు కొత్త బండిని మూడేళ్ళు నడిపేవాళ్ళకు చాలు, మీకు చాలదు.

కావాల్సినవి: పోర్షే ఏ40 అనుమతి ఉన్న 0డబ్ల్యూ-40 లేదా 5డబ్ల్యూ-40 ఆయిలు 9 క్వార్టులు, ఫిల్టరు, కొత్త అల్యూమినియం వాషరు, 8 మిల్లీమీటర్ల అలెన్ సాకెట్, ఫిల్టరు మూత తిప్పే గిన్నె ఆకారపు సాకెట్, టార్క్ రెంచి. ఆయిలు పట్టే పళ్ళెం కనీసం పది లీటర్లది ఉండాలి. ఈ ఇంజిను నుంచి ఎనిమిది లీటర్ల దాకా దిగుతుంది, మామూలు కార్ల పళ్ళెం సగంలోనే పొర్లి గరాజ్ నేలంతా పాడవుతుంది.

బండిని పావుగంట నడిపి వేడి చేయండి. సమతలంగా ఉన్న చోట జాక్ పాయింట్ల దగ్గర మాత్రమే ఎత్తి, నాలుగు స్టాండ్ల మీద నిలపండి. ఆయిలు పాను కింద జాక్ పెట్టకూడదు. డ్రెయిన్ బోల్టు విప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఫిల్టరు మూత ప్లాస్టిక్‌ది, కొత్త రబ్బరు రింగుకు ఆయిలు రాసి 25 న్యూటన్ మీటర్లకు బిగించండి. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు, 50 న్యూటన్ మీటర్లు. అంతకు మించి బిగిస్తే పాను మరలు పోతాయి.

పాత ఫిల్టరు కాగితాన్ని కత్తితో కోసి, మడతలు విప్పి ఎండలో పట్టి చూడండి. సన్నటి మెరుపు పొడి కొద్దిగా ఉంటే సహజం. అయస్కాంతానికి అంటుకునే ఇనుప పెంకులు, లేదా నల్లటి ప్లాస్టిక్ ముక్కలు కనపడితే మెకానిక్కుకు చూపించేదాకా నడపకండి. ఏడాదికోసారి ఆయిలు నమూనా ప్రయోగశాలకు పంపితే ఇనుము, అల్యూమినియం, సిలికాన్ ఎంతెంత ఉన్నాయో రాసి పంపుతారు. ఏటేటా అవి పెరుగుతున్నాయా నిలకడగా ఉన్నాయా అన్నదే ముఖ్యం.

డిక్కీలోని మూత నుంచి ముందు ఏడు లీటర్లు పోయండి. 987లో ఆయిలు కొలిచే కడ్డీ లేదు, డాష్‌బోర్డులో ఎలక్ట్రానిక్ గేజీ చూపిస్తుంది. అది వేడెక్కిన ఇంజినుతో, సమతలంలోనే సరిగ్గా చెబుతుంది. కాబట్టి ఒక చుట్టు తిరిగొచ్చి, గేజీ చూసి, కొద్దికొద్దిగా కలపండి. పై గీతకు ఒక గడి కింద ఆపేయండి. ఎక్కువైన ఆయిలు సెపరేటర్ గుండా ఇన్‌టేక్‌లోకి వెళ్ళి, పొగ కక్కుతుంది. ఇంట్లో ఆయిలు మార్చేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

నడపడం, నిలపడం

ఈ బండి పాడయ్యేది గరాజ్‌లోనే. సీళ్ళు ఎండుతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు నిలిచిన చోట చదునవుతాయి, ఎలకలు వైర్లు కొరుకుతాయి. వారానికోసారి, కనీసం ముప్పై నలభై నిమిషాలు నడపండి. స్టార్టు చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి ఆపేయడం నడపకపోవడం కన్నా చెడ్డది. ఆయిలు వేడెక్కదు, లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు.

స్టార్టు చేయగానే బయల్దేరండి, కానీ ఇంజిను నిమిషానికి 4,000 చుట్లు దాటనివ్వకండి. డాష్‌బోర్డులో కనపడేది కూలెంటు వేడి, ఆయిలు వేడి కాదు. కూలెంటు ముల్లు నిలబడ్డాక ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టండి. ఆ తర్వాత 7,000 దాకా నిర్భయంగా తీసుకెళ్ళండి, ఈ ఇంజిను అందుకే తయారైంది. ఎప్పుడూ 2,500 దగ్గరే పై గేరులో ఈడ్చడం దానికి మంచిది కాదు. పెట్రోలు ప్రీమియం మాత్రమే, టెక్సస్‌లో 93, కాలిఫోర్నియాలో 91.

ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలిస్తే బండి ఎందుకు ఉంచుకోవాలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆస్టిన్, శాన్ ఆంటోనియోలకు పడమర హిల్ కంట్రీలో 335, 336, 337 నంబర్ల దారులు మూడూ కలిపి ఒక రోజు. డల్లస్ వాళ్ళు శుక్రవారం రాత్రికే అక్కడికి చేరుకుని శనివారం తెల్లవారుజామున మొదలుపెట్టాలి, ఎండ ముదరకముందే, మోటారు సైకిళ్ళు రాకముందే. ఫ్రీమాంట్, సన్నీవేల్ వాళ్ళకు 35వ నంబరు స్కైలైన్ దారి గంటలోపే. వర్జీనియా, కరోలినాల వాళ్ళకు 469 మైళ్ళ బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఉంది. అక్కడ వేగం గంటకు 45 మైళ్ళు దాటకూడదు, అయినా మలుపు మలుపుకూ ఇంజిను వీపు వెనకే పలుకుతుంటే వేగం గుర్తురాదు.

చలి రాష్ట్రాల్లో ఉప్పు చల్లే నెలల్లో నిలపాల్సి వస్తే ట్యాంకు నిండా పెట్రోలు పోసి స్టెబిలైజరు కలపండి, కొత్త ఆయిలు వేసి నిలపండి, టైర్లలో గాలి కొంచెం పెంచండి, హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచండి, బ్యాటరీకి మెయింటెయినరు తగిలించండి. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తాళమేమో కరెంటుతో పనిచేస్తుంది. బ్యాటరీ చస్తే డ్రైవరు కాళ్ళ దగ్గరి ఫ్యూజుల పెట్టెలో ఒక ఎర్ర తీగ కొస బయటికి లాగి, దానికి వేరే బ్యాటరీ ప్లస్ తగిలించి, మైనస్‌ను తలుపు లోహానికి పెడితే డిక్కీ తెరుచుకుంటుంది. ఇది చీకట్లో మొదటిసారి వెతుక్కునే పని కాదు, పగలు ఒకసారి చూసి పెట్టుకోండి. చార్జీ లేనప్పుడు తలుపు మూయకండి కూడా. అద్దం కొంచెం దిగితేనే తలుపు పడుతుంది, కరెంటు లేకపోతే అద్దం దిగదు.

ఇల్లు, ఇన్సూరెన్సు

రెండే సీట్లు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చిన ఆరు నెలలూ, పిల్లల్ని బడికి దించే ప్రతి రోజూ ఇంకో బండి కావాలి. రోజూ ఆఫీసుకు వెళ్ళే మామూలు కారు ఇంట్లో ఉన్నాకే దీని గురించి ఆలోచించండి. సామాను సంగతికి మాత్రం దిగులు వద్దు: ముందొకటి, వెనకొకటి డిక్కీలు, ఇరవై పౌన్ల సోనా మసూరి సంచి ముందు డిక్కీలో హాయిగా పడుతుంది.

ఇన్సూరెన్సులో ఒప్పుకున్న విలువ పాలసీ అడగండి. మామూలు పాలసీలో ప్రమాదం జరిగినప్పుడు మీ బండిని అదే ఏడాది సగటు బండితో పోల్చి తరుగుదల తీసేస్తారు, మీరు పెట్టిన బాకీ పనుల ఖర్చు లెక్కలోకి రాదు. ఒప్పుకున్న విలువ అయితే ముందే రాసుకున్న అంకె ఇస్తారు. దీనికి గరాజ్ ఉండాలి, రోజువారీ బండి వేరే ఉండాలి, ఏటా మైళ్ళకు హద్దు ఉంటుంది. మీరు నడపదలచిన మైళ్ళకు ఆ హద్దు సరిపోతుందో లేదో సంతకానికి ముందు చూడండి. రెండేళ్ళకోసారి విలువ తిరగరాయించండి.

వదిలించుకోవాల్సి వస్తే

వీసా మారినా, ఇండియాకు తిరిగి వెళ్ళాలనుకున్నా ఈ బండి వెంట రాదు. ఇండియాలోకి తెచ్చే పాత కారు కుడివైపు స్టీరింగుది అయి ఉండాలి, తయారై మూడేళ్ళు దాటకూడదు. మీది ఎడమ స్టీరింగు, పదిహేనేళ్ళది. కాబట్టి తిరుగు ప్రయాణం అనుకున్న రోజే అమ్మకం తేదీ కూడా అనుకోండి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో కొనేవాళ్ళు ఉత్సాహంగా ఉంటారు, డిసెంబరులో బేరాలు కిందికి లాగుతారు.

కొన్న మొదటి రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి: తేదీ, మైళ్ళు, పని, పార్టు నంబరు, రశీదు, ఆయిలు పరీక్ష కాగితాలు. ఇంట్లో చేసిన పనికి ఫొటో, కొన్న ఆయిలు రశీదు చాలు. రెండో తాళం చెవి, పుస్తకాలు, ముందు డిక్కీ మూత లోపలి ఆప్షన్ల స్టిక్కరు ఉన్నదున్నట్టు ఉండాలి. అమ్మకానికి పెట్టే ముందు మీరే తనిఖీ చేయించి, ఓవర్ రెవ్ రిపోర్టు తీయించి, సిలిండర్ల ఫొటోలు ఫైల్లో పెట్టండి. కొనడానికి వచ్చేవాళ్ళకు ఇంజిను చల్లగా ఉండగానే బండి చూపించండి.